చీటీ రాసుకుంటే పూట కలిసొస్తుంది
పనుల జాబితాతో రైతుకు ఖర్చు, తిరుగుడు తగ్గుతాయి

గార్ల: పని లేక కాదు, చేయవలసిన పని సమయానికి గుర్తురాక రోజు పోగొట్టుకునేవారు పల్లెల్లో తక్కువేమీ కాదు. బ్యాంకు దాకా వెళ్లాక పాసుపుస్తకం ఇంట్లోనే ఉండిపోయిందని తెలుస్తుంది. ఎరువుల దుకాణం ముందు వరుసలో నిలబడ్డాక ఆధార్ కార్డు జ్ఞాపకం వస్తుంది. చార్జీలు దండుగ, ఆనాటి కూలి దండుగ. అణా ఖర్చు లేని ఒక చిన్న చీటీతో ఈ నష్టం చాలావరకు తప్పించుకోవచ్చు. అయితే ఆ చీటీ రాసే పద్ధతి తెలిసి ఉండాలి.

గార్ల మండల వాసులకు ఈ అవసరం మరికాస్త ఎక్కువ. ఇదివరకు ఖమ్మం జిల్లాలో ఉన్న ఈ మండలం 2016 అక్టోబరు 11న కొత్తగా ఏర్పడిన మహబూబాబాద్ జిల్లాలో చేరింది. శాసనసభ నియోజకవర్గం మాత్రం ఇల్లందు. కలెక్టరుకు అర్జీ ఇవ్వాలంటే మహబూబాబాద్ వెళ్లాలి. మిర్చి అమ్మాలంటే ఖమ్మం మార్కెట్టు ఉండనే ఉంది. కాజీపేట-విజయవాడ రైలు మార్గంలో గార్ల స్టేషను నుంచి మహబూబాబాద్ ఒక దిక్కు, డోర్నకల్, ఖమ్మం మరో దిక్కు. ఒక దిక్కు పని మరిచి ఇల్లు చేరితే దానికోసం మళ్లీ ఒక రోజు కేటాయించవలసిందే.

ఊరు వారీగా రాయాలి

అందుచేత పనులు తోచిన వరసలో కాక ఊరు వారీగా రాసుకోవడం మేలు. కాగితాన్ని మూడు గళ్లుగా మడిచి ఒక గడిలో గార్ల పనులు, రెండో గడిలో మహబూబాబాద్ పనులు, మూడో గడిలో ఖమ్మం పనులు రాయాలి. ఏ బండి ఎక్కుతున్నారో ఆ గడి ఒక్కటి చూసుకుంటే చాలు. బజారు సామాను, మందుల షాపు, కార్యాలయం పని ఒకే ప్రయాణంలో తీరిపోతాయి.

పక్కనే వారం కూడా వేసుకోవాలి. కలెక్టరేటులో ప్రజావాణి సోమవారం జరుగుతుంది. 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు. వానాకాలంలో పాకాల ఏరు పొంగితే రాంపురం, మద్దివంచ వైపు రాకపోకలు నిలిచిపోతాయి. కనుక ఆ గ్రామాలవారు ఏరు దాటవలసిన పనులను మబ్బు పట్టకముందే చీటీలో పైకి తెచ్చుకోవాలి.

చేయవలసిన అడుగు రాయాలి

చాలామంది చీటీలో "లోను సంగతి", "భూమి కాగితాలు" అని రాసి ఊరుకుంటారు. అది పని కాదు, బెంగ. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక అది నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. దానికి బదులు "బుధవారం పొద్దున బ్యాంకు; పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, రెండు జిరాక్సులు" అని రాస్తే ఎప్పుడు పోవాలి, ఏం పట్టుకుపోవాలి అన్నది తేలిపోతుంది.

గడువు తేదీ ఉన్న పనికి మొదటి స్థానం ఇవ్వాలి. దీని విలువ లెక్క చూస్తే తెలుస్తుంది. స్వల్పకాలిక పంట రుణం మూడు లక్షల రూపాయల వరకు 7 శాతం వడ్డీకి ఇస్తున్నారు. గడువులోగా తిరిగి కట్టినవారికి కేంద్రం 3 శాతం రాయితీ ఇస్తుంది. లక్ష రూపాయలు ఏడాదిపాటు వాడుకున్న రైతుకు ఇది 3,000 రూపాయలు. తేదీ మరిస్తే ఆ సొమ్ము పోయినట్లే. మిర్చి రైతు ధర కోసం సరుకు నిల్వ పెట్టుకున్న రోజుల్లో ఈ తేదీ మరుగున పడే ప్రమాదం ఉంది. అప్పు తీసుకున్ననాడే గడువు తేదీని, దానికి నెల ముందరి తేదీని గోడ క్యాలెండరు మీద రాసుకోవడం ఉత్తమం.

చదువుకున్నవారికీ తప్పలేదు

మరుపు చదువురాని వారి జబ్బు అనుకోరాదు. 1935 అక్టోబరులో అమెరికాలో బోయింగ్ కంపెనీ కొత్త బాంబర్ విమానం పరీక్ష సమయంలో కూలిపోయింది. నడిపినవారు ఆరితేరిన పైలట్లే. నేలమీద ఉన్నప్పుడు వేసే ఒక బిగింపును ఎగిరేముందు తీయడం మరిచారు. ఆ తరువాతే పైలట్లు చేయవలసిన పనుల జాబితాను కాగితం మీద పెట్టి, చదువుకుంటూ సరిచూసుకోవడం ఆనవాయితీ అయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సలకు 19 అంశాల జాబితా తెచ్చింది. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆస్పత్రులలో దానిని పరీక్షించగా శస్త్రచికిత్స అనంతర మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గినట్లు 2009లో వెల్లడైంది. పెద్ద డాక్టర్లకే చీటీ అవసరమైనప్పుడు మనం రాసుకోవడంలో నామోషీ ఏముంది?

బారెడు చీటీ వద్దు

ఇరవై పనులు రాసుకుంటే రెండూ కావు. రోజుకు నాలుగైదుకు మించరాదు. అయిన పనిని అక్కడికక్కడే కొట్టివేయాలి. రాత్రి భోజనాలయ్యాక మిగిలిన పనిని రేపటి చీటీలోకి ఎక్కించాలి. ఒకే పని మూడుసార్లు ఎక్కితే దాని సంగతి తేల్చవలసిందే. ఆ రోజే చేయాలి, ఇంట్లో మరొకరికి అప్పగించాలి, లేదా అక్కరలేదని తీసివేయాలి.

మన అమ్మమ్మలు కొంగుకు ముడి వేసుకుని పని గుర్తుపెట్టుకునేవారు. ఒక పనికి ఒక ముడి సరిపోయేది. ఇప్పుడు పనులు పెరిగాయి, కాగితాలు పెరిగాయి. రాయడం రానివారు బడికి పోయే పిల్లలచేత రాయించి, పొద్దున బయలుదేరే ముందు ఒకసారి చదివించుకుంటే సరిపోతుంది. దానివల్ల ఇంటి పనులేమిటో, ఏ అప్పు ఎప్పుడు తీర్చాలో పిల్లలకూ తెలుస్తుంది. పెద్దవారు మంచాన పడ్డ రోజున ఆ ఇంటికి అదే ఆసరా అవుతుంది.