నీళ్లు ఎవరి మాట వింటాయి?

2016 మే 31న రాయలసీమ రైతులు సిద్ధేశ్వరం అలుగుకు తామే శంకుస్థాపన చేసుకున్నారు. రాయలసీమ సాగునీటి సాధన సమితి పిలుపుతో వేలమంది పోలీసు ఆంక్షలకు ఎదురెళ్లి కదిలారు. ఆత్మకూరుకు పైన, శ్రీశైలం వెనుక జలాల్లో సంగమేశ్వరం దాపున అలుగు కడితే వరద తగ్గాక కూడా సీమకు నీళ్లు మళ్లించే పోతిరెడ్డిపాడు తూములకు అందే మట్టంలో నీళ్లు నిలుస్తాయన్నది వాళ్ల వాదన. ఆ తర్వాత కూడా మే 31న సభలు జరిగాయి, అలుగు మాత్రం లేవలేదు. ఇంతమంది అడిగినా కదలని విధానం మరికొందరు అడిగితే ఎందుకు కదులుతుంది? ప్రభుత్వాన్ని కదిలించేది తలల లెక్క కాదనీ, నిర్ణయం జరిగే చోటికి అది జరిగే వేళకు చేరుకోగలిగిన వాళ్లదే పైచేయి అనీ నేను నమ్ముతున్నాను.

రుజువు సిద్ధేశ్వరం చరిత్రలోనే ఉంది. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో కృష్ణా–పెన్నార్ పథకంలో భాగంగా ఇక్కడే ఆనకట్ట తలపెట్టారు. కృష్ణా నీళ్లు తమిళ ప్రాంతాలకు తరలిపోతాయని ఆంధ్ర నాయకులు దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఆ సమయంలో ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ నినాదాలతో ఆగలేదు. రైతు సంఘం పెట్టారు, ఆనకట్టకు బదులు చోటుగా నందికొండ స్థలాన్ని ఇంజినీర్లతో పరిశీలింపజేశారు, సొంత డబ్బు ఖర్చుపెట్టారు. 1952లో ప్రాజెక్టు స్థలాలను పరిశీలించే ఖోస్లా కమిటీ వస్తే, కారు పోయే దారి లేని ఆ కొండల్లోకి చుట్టుపక్కల ఊళ్ల జనాన్ని కూడగట్టి బాట వేయించారు. కమిటీ నందికొండకే మొగ్గింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ అక్కడే నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. సాగర్ లక్షల ఎకరాలను పండించింది, ఎన్నో జిల్లాలకు అన్నం పెట్టింది. లాబీయింగ్ అనగానే డబ్బు సంచులే గుర్తొచ్చేవాళ్లు ఈ మనిషినీ గుర్తు చేసుకోవాలి. అయితే 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో నదీజలాల మీద తొలి ప్రాధాన్యం మాట పుచ్చుకున్న సీమకు ఆ కీలక ఘడియలో అలాంటి బాట పడలేదు. మాట కాగితంలో ఉండిపోయింది, నీళ్లు వేరే దారి పట్టాయి.

తర్వాత పోరాటం అడుగుల లెక్కల్లోకి దిగింది. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. 1996లో 69వ నంబరు జీవో జలాశయంలో ఉంచాల్సిన కనీస మట్టాన్ని 834కు దించింది. పోతిరెడ్డిపాడు తూము అడుగు మట్టమే 841 అని తెలిసిన రైతుకు దాని అర్థం వేరే చెప్పక్కర్లేదు. ఏళ్ల ఆందోళన తర్వాత, 2004లో ప్రభుత్వం మారాక, 107వ జీవో దాన్ని తిరిగి 854 చేసింది. మరుసటి ఏడు పోతిరెడ్డిపాడు సామర్థ్యాన్ని 11 వేల క్యూసెక్కుల నుంచి 44 వేలకు పెంచబోతే తెలంగాణ నాయకులు భగ్గుమన్నారు. అధికార పార్టీలోని పి.జనార్దనరెడ్డి కూడా ఎదురుతిరిగారు. ‘ఎన్నికైన ప్రతినిధులుండగా మధ్యలో ఈ సంఘాలెందుకు?’ అనే వాళ్లకు జవాబు ఇక్కడే ఉంది. ఈ జీవోలేవీ శాసనసభలో ఓటుకు వచ్చినవి కావు. నంద్యాల, ఆళ్లగడ్డ రైతుల పంటను తేల్చే అంకె సచివాలయంలో మారుతుంటే, అక్కడిదాకా వినిపించే గొంతు వాళ్లకూ కావాలి.

వినిపించిన గొంతు ఎవరిదో ప్రజలకు తెలియకపోవడమే అసలు సమస్య. అమెరికాలో లాబీయిస్టులు తమ ఖర్చును బయటపెట్టాలని 1995లో చట్టం చేశారు. భారత మార్కెట్లో ప్రవేశం సహా పలు అంశాల మీద వాల్‌మార్ట్ చేసిన లాబీయింగ్ ఖర్చు 2012లో మన పార్లమెంటును కుదిపిందంటే, ఆ సమాచారం దొరికింది అమెరికా సెనేట్‌కు ఇచ్చిన పత్రాల్లోనే. మనకు అలాంటి చట్టం లేదు. ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేశాకే ఏ కంపెనీ ఎంత కొన్నదో తెలిసింది. బాండ్లు కొనడం అప్పటికి చట్టబద్ధమే. పార్టీలకు అంత ఇవ్వగలిగినవాళ్లకూ ధర్నా టెంటు అద్దెకే చందాలెత్తే రైతు సంఘానికీ మంత్రి గది తలుపు ఒకేలా తెరుచుకుంటుందని మాత్రం నమ్మలేను.

ఎవరు ఎవరిని కలిశారో చిట్టా రాయమంటే చిన్న సంఘాలు చిక్కుల్లో పడతాయి, డబ్బున్నవాడు దొడ్డిదారి చూసుకుంటాడు అంటారు. నిజమే. అందుకే భారం అడిగేవాళ్ల మీద కాకుండా వినేవాళ్ల మీద ఉండాలి. మంత్రి, కార్యదర్శి ఎవరిని కలిశారు, ఏ వినతి తీసుకున్నారు, దాన్ని ఎందుకు కాదన్నారు అన్నది వాళ్లే రాసి పెట్టాలి. అలుగు సాంకేతికంగా నిలవదనో, తెలంగాణ సమ్మతి లేకుండా కుదరదనో ప్రభుత్వం భావించవచ్చు. ఆ కారణాల్లో బలం ఉండవచ్చు కూడా. 2022లో కేంద్రం సంగమేశ్వరం–సోమశిల మధ్య రూ.1,082 కోట్లతో తీగల వంతెనకు ఆమోదం తెలిపినప్పుడు, దాన్నే బ్యారేజీతో కలిపి కట్టమని సీమ సంఘాలు అడిగాయి. ఆ కోరికకు లెక్కలతో కూడిన లిఖితపూర్వక జవాబు రావాలి. కాదన్నా సరే, కారణం తెలిస్తే దానితో వాదించవచ్చు.

జీవో సాధించుకోవడంతోనూ పని అయిపోదు. శ్రీశైలం ముంపులో ఊళ్లు పోగొట్టుకున్న కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న 98వ నంబరు జీవో 1986లోనే వచ్చింది. ఆత్మకూరు, నందికొట్కూరు ప్రాంతాల్లో ‘98 జీవో బాధితులు’ అనే పేరే స్థిరపడిపోయింది. అప్పుడు కుర్రవాళ్లుగా దరఖాస్తు పెట్టినవాళ్లకు నౌకరీ వయసు దాటిపోయింది. నిర్ణయాలకు కారణాలను బాధితులకు చెప్పాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ఇప్పటికే అంటోంది. ఎవరికి ఉద్యోగం వచ్చింది, ఎవరికి రాలేదు, ఎందుకు రాలేదు అన్న జాబితాను తహసీల్దారు కార్యాలయం గోడకు అంటించడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.