కొండసైకిలు వెనుక మడ్‌గార్డు

మా మనుమడు కళాశాలకు పోయివచ్చుటకై క్రిందటి సంవత్సరము గేరు సైకిలు కొంటిమి. లావుపాటి టైర్లు, ముందర స్ప్రింగులు. చూచుటకు దిట్టముగనే యున్నది. తొలకరి పడిన మూడవనాడు వాడు ఇంటికి రాగా చూతును గదా, తెల్లచొక్కామీద నడుము మొదలు మెడదాక వెన్నెముక వెంబడి బురదతో గీత గీచినట్లున్నది. వాని నాయనమ్మ “ఎక్కడ పడితివిరా?” అని కంగారుపడినది. వాడు పడలేదు. ఆ సైకిలుకు వెనుక మడ్‌గార్డు లేదు, అంతియే. ఇట్టి సైకిళ్లు ఇప్పుడు పల్లెలలోను తిరుగుచున్నవి గనుక, ఆ రేకు ఏల లేదో, పెట్టినచో ఎంతవరకు పనిచేయునో మీకు మనవి చేయుదును.

ఈ కొండసైకిలు పుట్టిల్లు అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి మారిన్ ప్రాంతము. 1970 తరువాతి సంవత్సరములలో అచ్చటి యువకులు కొందరు పాతకాలపు బరువు సైకిళ్లను సంపాదించి, వాని మడ్‌గార్డులు మొదలగువానిని ఊడదీసి, టామల్‌పైస్ కొండ చుట్టుపట్లనున్న మట్టిబాటలవెంట దిగుచుండెడివారు. 1976లో ఒక నిట్రమైన బాటలో పందెములే మొదలైనవి. ఆ బాటకు రీప్యాక్ అని పేరు. ఒక్కమారు దిగునప్పటికి వెనుక చక్రములోని బ్రేకు వేడెక్కి గ్రీజు పొగయైపోవుటచే మరల కూరవలసివచ్చెడిదట. పేరు అందువలన వచ్చినది. మరుసటి సంవత్సరము జో బ్రీజ్ అను నాతడు ఈ పనికే ప్రత్యేకముగా సైకిలు కట్టెను. ఆ సీమలో వేసవికి వాన యుండదు. ఎండిన కొండబాటలో దిగువానికి రేకు మోతబరువే. ఎండదేశపు అలవాటు వానదేశములకును సైకిలుతోపాటు వచ్చి చేరినదని నా యూహ.

అయితే దోషమంతయు అలవాటుది కాదు. మన పాత సైకిలు రేకునకును టైరునకును నడుమ వ్రేలెడు సందు మాత్రమే యుండును. నల్లరేగడిలో నాలుగడుగులు నడిపినవారికి తక్కినది చెప్పనక్కరలేదు: మట్టి ఆ సందులో కూరుకొని, చక్రము తిరుగక, దిగి పుల్లతో పొడుచుకొనవలసివచ్చును. కొండసైకిలు టైరు రెండంగుళములకు పైబడిన వెడల్పు, ఒడలంతయు గుబ్బలు. మట్టిని మరింత మోయును. వెనుక స్ప్రింగులున్న రకములలోనైతే చక్రము బెత్తెడు మేర లేచి పడుచుండును. దగ్గరగా బిగించిన రేకు దానికి తగులును. అందుచే వీనికి సీటుక్రింది గొట్టమునకు తగిలించి, టైరునకు జానెడు ఎత్తున వెనుకకు చాచియుండు ప్లాస్టిక్ పలకను అమ్ముచున్నారు. అంత ఎత్తుననున్నది బురదను ఆపునా యని నాకును మొదట సందేహమే.

టైరునకంటిన నీరు దానితో తిరిగి, పట్టుతప్పినచోట ఒడిసెల విడిచిన రాయివలె తిన్నగా పోవును. వెనుక చక్రపు వెనుక అంచున విడిచిన బొట్టు నిట్టనిలువుగా లేచును. అంతకు పైభాగమున విడిచినది పైకిని ముందునకును పోయి సవారివాని వీపున తగులును. ఎంత ఎత్తు లేచుననగా, గాలి అడ్డును విడిచి లెక్కించినచో, గంటకు 10 కిలోమీటర్ల వేగమున సుమారు 40 సెంటీమీటర్లు. అనగా సీటుదాకనైన రాదు. వేగము 20 కిలోమీటర్లైనప్పుడు అది రెట్టింపు కాదు, నాలుగు రెట్లు: మీటరున్నరకు పైగా. ఇరుసు ఎత్తున బయలుదేరిన బొట్టు తలదాక పోవును. మా వాడు “మెల్లగా త్రొక్కిన దినమున అంటదు తాతయ్యా” అన్నప్పుడు నేను నమ్మనైతిని. లెక్క వానిపక్షముననే తేలినది.

బొట్టు తిన్నగా పోవుననుటలోనే పలక కీలకమున్నది. దారికి అడ్డముండినచాలును, టైరునకు ఎంత ఎత్తుననున్నను ఆపును. అయితే పలక టైరుకంటె వెడల్పుగా ఉండవలెను. దాని కొన తగినంత వెనుకకు రావలెను. ఎంత వెనుకకో తెలియుటకు తాపీమేస్త్రి గుండే చాలును. పలక కొననుండి దారముతో చిన్న రాయిని వ్రేలాడదీయుడు. ఆ దారము టైరు వెనుక అంచునకు తగిలినను, దానికి వెనుకగా పడినను మంచిదే. ముందుగా, టైరు మీదికి పడినచో పలక పొట్టిది.

ఈ దారపు పరీక్ష తెలియకముందు నేను బజారులో సీటు అడుగున దోపెడి పొట్టి తోకవంటిదానిని తెచ్చితిని. దుకాణదారుడు అదియే చాలునన్నాడు. వాని వీపునకు తెల్లగుడ్డ కట్టి, చెరువుకట్ట క్రింది బాటలో ఒకే మడుగుగుండ మూడుమారులు పంపితిని. ఏదియు లేనప్పుడు గుడ్డ మెడదాక చారలు. పొట్టితోకతో పంట్లాము శుభ్రము, సీటు పొడి. గుడ్డపై చారలు మాత్రము అట్లే. పొడవుపలకతో అంచులయందు నాలుగైదు చుక్కలు తప్ప గుడ్డ తెల్లగనే యుండెను. కాళ్లు, గొలుసు మూడుమారులును ఒక్కతీరుగనే బురదయైనవి. ఆ బురదలో ముందు చక్రపు పాలు చాల గలదు; వెనుక పలక దానిని ఆపజాలదు. పైగా గతుకులలో పలక ప్రక్కకు తిరిగిపోవును. బిగింపు పట్టీ క్రింద పాత ట్యూబుముక్క చుట్టినపిదప మాకు ఆ బాధ తగ్గినది.

చొక్కాల సంగతి చాకిరేవుతో తీరును. తీరనిది ఇంకొకటి కలదు. 2007లో కెనడాయందలి బ్రిటిష్ కొలంబియాలో కొండసైకిళ్ల పందెమొకటి బురదలో జరుగగా, పాల్గొన్నవారిలో అనేకులకు విరేచనములు పట్టుకొన్నవి. కాంపిలోబాక్టర్ అను సూక్ష్మజీవి కారణమనియు, అది నోటబడిన బురదద్వారా చేరినదనియు పరిశోధకులు తేల్చిరి. 2008లో వేల్సుదేశమున బిల్త్‌వెల్స్ వద్దను ఇట్లే జరిగినది. అది గొఱ్ఱెలు మేయు సీమ. మన డొంకలలో పేడయు, గొఱ్ఱెల పెంటికయు లేని బురద ఎక్కడ? నోటికి వచ్చు బురద తన ముందు చక్రమునుండి కొంత, ముందుపోవువాని వెనుక చక్రమునుండి కొంత. లేచిన తుంపరను గాలి నిలుపును. వెనుక వచ్చువాడు తన వేగముతో దానిలోనికి దూరును. కావున జట్టుగా పోవు పిల్లలలో ఒకని వెనుక పలక రెండవవాని నోటిని కాచును. నీళ్లసీసాను సైకిలు చట్రమునకు మూతి తెరచి తగిలించుట మా యింట మాన్పించితిని. ఇప్పుడది సంచిలో పోవుచున్నది.

దీపావళి వెళ్లినపిదప మనుమడు పలకను ఊడదీసి అటకమీద పెట్టినాడు. మృగశిర రాకమునుపే దింపవలెనని వాని నాయనమ్మ ఇప్పటినుండియే చెప్పుచున్నది.