దుమ్ముగూడెం: బండరాళ్లు తెచ్చిన చరిత్ర

భద్రాచలం నుంచి గోదావరి ఎడమ గట్టు వెంట ఎగువకు పోతే పాతిక కిలోమీటర్ల సుమారులో దుమ్ముగూడెం వస్తుంది. పర్ణశాలకు పోయే యాత్రికుల్లో ఇక్కడ ఆగేవారు తక్కువ. అయినా నూట అరవై ఏళ్ల కిందట మాంచెస్టర్ మిల్లుల యజమానుల దగ్గర్నుంచి నిజాం దర్బారు దాకా ఈ చిన్న ఊరి ఎగువదిగువల గురించి మాట్లాడుకున్నారు. అందుకు కారణం ఊరి ముందు నదిలో ఉన్న బండరాళ్లు.

గోదావరి ఇక్కడ రాతి నేల మీద పారుతుంది. వర్షాకాలంలో రాజమహేంద్రవరం నుంచి పాపికొండలు దాటి వచ్చిన పడవ ఈ రాళ్ల దగ్గర ఆగక తప్పదు. ఎగువన ఇచ్చంపల్లి దగ్గర ఒకటి, ప్రాణహిత మీద దేవలమర్రి దగ్గర మరొకటి ఇలాంటి అడ్డంకులే ఉన్నాయి. ఈ మూడూ దాటగలిగితే నాగపూర్, బీరారు ప్రాంతాల పత్తిని నదిమీదుగానే సముద్రానికి చేర్చవచ్చు. ధవళేశ్వరం ఆనకట్టను 1852లో పూర్తిచేసిన ఆర్థర్ కాటన్ ఈ జలమార్గాన్ని పట్టుబట్టి ప్రతిపాదించాడు. ఆయన సహచరుడు కెప్టెన్ ఎఫ్.టి. హేగ్ నదిని పరిశీలించి నివేదిక ఇచ్చాడు, తరువాత పనుల బాధ్యతా తీసుకున్నాడు. మొదటి అడ్డంకి దుమ్ముగూడెంది కాబట్టి పనులకు కేంద్రం ఇదే అయింది.

ఇక్కడ ఒక రాజకీయ చిక్కు ఉండేది. నదికి ఈ గట్టూ ఆ గట్టూ నిజాం ఏలుబడిలోవే. 1860 డిసెంబరు ఒప్పందంతో ఆ చిక్కు తీరింది. రాయచూరు, ధారాశివ్ జిల్లాలను, సురపురం సంస్థానాన్ని నిజాం పొంది, గోదావరి ఎడమ గట్టున తనకున్న భూములను ఇంగ్లీషువారికి వదులుకున్నాడు. నదిలో సాగే సరుకు మీద సుంకం ఉండకూడదని కూడా రాసుకున్నారు. భద్రాచలం ప్రాంతం అలా ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. సిరోంచ కేంద్రంగా ఏర్పడిన ఎగువ గోదావరి జిల్లాలో చేరి, మధ్య పరగణాల కింద కొన్నేళ్లు ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారింది. పడవల దారి కోసం గీసిన గీత ఇది. ఇక్కడి కోయ కుటుంబాలు మాత్రం నదికి రెండు గట్లనా ఉండేవి. వారి పోడు, వారి సంత, వారి వియ్యాలు ఏ జిల్లాలోకి వస్తాయని ఎవరూ అడగలేదు.

పనులు ఉధృతంగా సాగిన కాలం అమెరికా అంతర్యుద్ధ కాలమే. 1861 నుంచి 1865 దాకా అమెరికా పత్తి రాక లాంకషైర్ మగ్గాలు ఆగిపోయినప్పుడు గోదావరి దారి మీద ఒత్తిడి పెరిగింది. దుమ్ముగూడెం దగ్గర నదికి అడ్డంగా రాతి ఆనకట్ట కట్టారు. రాళ్ల పోటును తప్పించుకుని పడవలు పోయేందుకు గట్టు వెంట కాలువ తవ్వి, నీటిమట్టాల తేడాను దాటించే లాకులు నిర్మించారు. లాకులోకి పడవ రాగానే వెనక తలుపు మూసి నీరు నింపితే పడవ పైమట్టానికి లేస్తుంది, ముందు తలుపు తెరిస్తే ముందుకు సాగుతుంది. అడవి జ్వరాలు, కలరా పనివాళ్లను ఏటా కబళించాయి. కాటన్, హేగ్‌ల పేర్లు పుస్తకాల్లో నిలిచాయి గానీ, ఈ రాళ్లు మోసినవారి పేర్లు ఏ పుస్తకంలోనూ కనిపించవు.

ఈ శ్రమంతా ఫలితం చూడకముందే పరిస్థితి తారుమారైంది. 1867లో బొంబాయి నుంచి నాగపూర్‌కు రైలు వచ్చింది. 1869లో సూయెజ్ కాలువ తెరుచుకోవడంతో యూరప్‌కు బొంబాయి మరింత దగ్గరైంది. ఏడాదిలో కొన్ని నెలలే పడవ తిరిగే నది, ఏడాది పొడవునా నడిచే రైలుతో పోటీపడలేకపోయింది. 1871లో ప్రభుత్వం ఎగువ గోదావరి పనులను ఆపేసింది. 1889 నాటికి ఖమ్మం, బోనకల్, మధిరల మీదుగా బెజవాడకు నిజాం రైలూ వచ్చేసింది. సరుకు దారి అటు తిరిగాక ఈ రేవు తెప్పల మీద సాగే కలపకు, వెదురుకు మిగిలింది.

పనులు ఆగినా ఊరు చెదరలేదు. హేగ్ క్రైస్తవ భక్తుడు. ఆయన చొరవతో చర్చి మిషనరీ సొసైటీ ఇక్కడ కోయల మధ్య పని మొదలుపెట్టింది. హేగ్ దగ్గర ఉద్యోగం చేసిన వెంకటరామరాజు క్రైస్తవం స్వీకరించి ఆ పనిలో ముందు నిలిచాడు. 1870లలో వచ్చిన జాన్ కెయిన్ కోయభాష నేర్చి, సువార్త భాగాలను ఆ భాషలోకి తెచ్చాడు. కోయల ఆచారాల మీద ‘ఇండియన్ యాంటిక్వెరీ’లో ఆయన రాసినవాటిని తరువాత థర్‌స్టన్ తన కులాలు, తెగల గ్రంథంలో వాడుకున్నాడు. మతప్రచారకుడి కళ్లతో చూసిన రాతలే అవి, జాగ్రత్తగా చదవాలి. కానీ ఆ కాలపు కోయ జీవితం గురించి అంత దగ్గరగా రాసినవారు మరొకరు దొరకడం కష్టం.

మిషన్ ద్వారానే లేసు అల్లకం ఊరికి వచ్చింది. నరసాపురం లేసుకున్నంత పేరు లేకపోయినా దుమ్ముగూడెం లేసు విదేశాలకు వెళ్లింది. ఇంటి పనుల మధ్య దారం పట్టిన ఆడవాళ్ల చేతుల్లోకి సొంతంగా నాలుగు డబ్బులు రావడం ఈ అడవి పల్లెలో చిన్న విషయం కాదు. కన్ను, నడుము అరిగేంత శ్రమకు దక్కే కూలి తక్కువ కావడంతో అల్లేవారు తగ్గిపోయారు. పని తెలిసిన చేతులు ఉండగానే దీనికి గిట్టుబాటు ధర దొరకాలి.

1959లో భద్రాచలం ప్రాంతం ఖమ్మం జిల్లాలో కలిసింది. 1965లో భద్రాచలం వంతెన వచ్చాక పడవల మీద ఆధారం తగ్గింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లినా దుమ్ముగూడెం తెలంగాణలోనే ఉండి, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. నది మాత్రం తన లెక్కలోనే నడిచింది. భద్రాచలం దగ్గర 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగుల మట్టం నమోదైంది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారంటే ఆ వరదల తీవ్రత తెలుస్తుంది. అలాంటప్పుడు లోతట్టు పల్లెల వాళ్లు పశువులను తోలుకుని మెరకకు చేరతారు.

పడవల కోసం కట్టిన ఆనకట్ట ఇప్పుడు సేద్యంతో ముడిపడింది. సీతారామ ఎత్తిపోతల పథకం ఇక్కడి నుంచే గోదావరి నీటిని ఖమ్మం వైపు మళ్లించేందుకు రూపొందింది. ఆనకట్టకు దిగువన సీతమ్మసాగర్ బ్యారేజీని చేపట్టారు. ఏన్కూరు దగ్గర నాగార్జునసాగర్ కాలువకు ఈ నీటిని కలిపేందుకు లింకు కాలువ తవ్వారు. కృష్ణా నీరు ఆలస్యమైన ఏడాది సాగర్ ఎడమ కాలువ కింద వైరా, మధిర, బోనకల్ పొలాల రైతులు ఎదురుచూసేది ఈ నీటికోసమే. బ్యారేజీ పనుల వల్ల భూములు కోల్పోయే ఎగువ గ్రామాల రైతులకు, గిరిజనులకు న్యాయమైన పరిహారం అందించే బాధ్యత కూడా ఈ పథకంతోపాటే వచ్చింది.