క్రూజ్ కంట్రోల్: ‘రెజ్యూమ్’ నొక్కే ముందు ఒక్కసారి రోడ్డు చూడండి

ఇది జూన్‌లో జరిగింది. కాణిపాకంలో దర్శనం చేసుకుని తిరుపతికి వస్తున్నాం. కారులో మా నాయన, అమ్మ, నేను. పూతలపట్టు దాటాక ఆరు లేన్ల రోడ్డు ఖాళీగా కనిపించింది. 85 దగ్గర క్రూజ్ సెట్ చేసి కాలు తీసి పక్కన పెట్టేశా. ఒక ఊరి జంక్షన్ దగ్గర బ్రేక్ నొక్కి 45కి తగ్గించా. జంక్షన్ దాటగానే అలవాటుగా రెజ్యూమ్ బటన్ నొక్కేశా. కారు తనంతట తాను స్పీడ్ అందుకుంది. ముందు తోతాపురి కాయల లోడుతో ట్రాక్టర్ వెళ్తోంది. మసక చీకటి, ట్రాలీ వెనక లైటు లేదు, రిఫ్లెక్టర్ లేదు. గట్టిగా బ్రేక్ కొడితే కారు దాని వెనక కొంచెం దూరంలో ఆగింది. అమ్మ ఒళ్లో ఉన్న ప్రసాదం కింద పడింది. నాయన ఒకటే మాటన్నాడు: “ఏమిరా, కారు నువ్వు తోల్తా ఉండావా, అదే తోలుకుంటా ఉందా?”

తప్పు ట్రాక్టర్‌ది మాత్రమే కాదు, నాది కూడా. అందుకే ఈ ఆర్టికల్.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది?

దీన్ని కనిపెట్టిన రాల్ఫ్ టీటర్ చూపులేని ఇంజనీర్. 1958లో క్రైస్లర్ కంపెనీ ఇంపీరియల్ కారులో ఇది మార్కెట్లోకి వచ్చింది. ఇప్పటి కార్లలో పనంతా సాఫ్ట్‌వేర్‌దే. మీరు సెట్ చేసిన స్పీడ్‌కి, అసలు స్పీడ్‌కి ఉన్న తేడాను కంప్యూటర్ క్షణక్షణం లెక్కేసి థ్రాటిల్‌ని పెంచుతుంది, తగ్గిస్తుంది. బీటెక్‌లో కంట్రోల్ సిస్టమ్స్ చదివిన వాళ్లకి ఇది తెలిసిన లూపే. బ్రేక్ గానీ క్లచ్ గానీ నొక్కితే ఆగిపోతుంది.

కానీ సెట్ చేసిన స్పీడ్ మెమరీలోనే ఉంటుంది. రెజ్యూమ్ నొక్కితే ఆ పాత వేల్యూ మళ్లీ లోడ్ అవుతుంది. సెట్ చేసినప్పటి రోడ్డు వేరు, ఇప్పటి రోడ్డు వేరు అన్న సంగతి మామూలు క్రూజ్ కంట్రోల్‌కి తెలియదు.

ఎక్కడ వాడకూడదు?

* ఘాట్ రోడ్లు: తిరుమల, భాకరాపేట, మొగిలి ఘాట్... ఎక్కడైనా సరే ఆఫ్. చాలా కార్లలో క్రూజ్ థ్రాటిల్‌ని మాత్రమే చూసుకుంటుంది, బ్రేక్ వేయదు. దిగుడులో స్పీడ్ సెట్ చేసినదాన్ని దాటిపోతుంది. దిగేటప్పుడు తక్కువ గేర్‌లో ఇంజన్ బ్రేకింగే కరెక్ట్.
* వాన: నీళ్లు నిలిచిన చోట టైరు పట్టు తప్పినా సిస్టమ్ స్పీడ్ నిలబెట్టాలనే చూస్తుంది.
* మామిడి సీజన్ సాయంత్రాలు: పల్ప్ ఫ్యాక్టరీలకు వెళ్లే ట్రాక్టర్లు, రోడ్డు పక్కన ఆపిన లారీలు, అడ్డం వచ్చే గొర్రెల మందలు. మన జిల్లాల్లో ఇవి మామూలే.
* నిద్ర వచ్చినప్పుడు: కాలికి పని లేకపోతే మత్తు ఇంకా తొందరగా వస్తుంది. బెంగళూరు నుంచి రాత్రి డ్యూటీ అయ్యాక బయల్దేరే మనలాంటి వాళ్లకి ఇది ముఖ్యం.

అడాప్టివ్ ఉంటే సేఫా?

రాడార్, కెమెరా ఉన్న అడాప్టివ్ క్రూజ్ ముందు బండిని బట్టి స్పీడ్ తగ్గిస్తుంది, అవసరమైతే బ్రేక్ కూడా వేస్తుంది. మహీంద్రా ఎక్స్‌యూవీ700 లాంటి కార్లతో ఈ ఫీచర్ మన రోడ్ల మీద కూడా కనిపిస్తోంది. కానీ ఆగి ఉన్న లారీ, సన్నగా కనిపించే బైకు, పశువులు... వీటిని ప్రతిసారీ గుర్తిస్తుందని నమ్మకూడదు. ఇది డ్రైవర్‌కి సాయం మాత్రమే, డ్రైవర్ కాదు.

నేను ఇప్పుడు పాటిస్తున్నవి

1. పాదం బ్రేక్ దగ్గరే ఉంచుతా. 80 స్పీడ్‌లో కారు సెకనుకు 22 మీటర్లు వెళ్తుంది. పెడల్ వెతుక్కోవడానికి అర సెకను పోయినా 11 మీటర్లు పోయినట్టే.
2. ముందు బండికి కనీసం మూడు సెకన్ల గ్యాప్. ఏదైనా రాయి లేదా స్తంభాన్ని ముందు బండి దాటాక ఒకటి, రెండు, మూడు లెక్కపెడితే చాలు.
3. రెజ్యూమ్ నొక్కను. చేత్తో, కాలితో స్పీడ్ తెచ్చుకుని మళ్లీ సెట్ నొక్కుతా.
4. నాలుగు లేన్ల డివైడెడ్ రోడ్డు మీద కార్లకు కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి 100. నేను 80 దాటి సెట్ చేయను. బోర్డు మీద అంతకన్నా తక్కువ ఉంటే అదే ఫైనల్.
5. చీకటి పడితే ఆఫ్.

మా వెర్డిక్ట్

ఫీచర్ మంచిదే. పగలు, పొడి రోడ్డు, తక్కువ ట్రాఫిక్ ఉంటే కాలికి రెస్ట్, స్పీడ్ కూడా అదుపులో ఉంటుంది. కొత్త కారు తీసుకున్నవాళ్లు ఓనర్స్ మాన్యువల్‌లో క్రూజ్ పేజీ చదివి, ఖాళీ రోడ్డు మీద క్యాన్సిల్ బటన్ ఎక్కడుందో చూడకుండానే వేలికి తగిలేదాకా ప్రాక్టీస్ చేయండి. నాయన అడిగిన ప్రశ్న మీ ఇంట్లో ఎవరూ అడగాల్సిన అవసరం రాకూడదు.