సముద్రంలో సరిహద్దు రాయి ఎవరు వేస్తారు?

భారత్, బంగ్లాదేశ్ రెండూ తమదేనన్న సముద్రం, బంగ్లాదేశ్ లెక్క ప్రకారం, 25,602 చదరపు కిలోమీటర్లు. 2014 జులై 7న ఇచ్చిన తీర్పులో అందులో 19,467 బంగ్లాదేశ్‌కు వెళ్లింది. ఉమ్మడి అనంతపురం జిల్లా కంటే కాస్త ఎక్కువే.

అంటే మనం ఓడిపోయామా? తగాదా ముక్కనే చూస్తే అవును. రెండు తీరాలకూ సంబంధించిన మొత్తం సముద్రం 4,06,833 చదరపు కిలోమీటర్లని తీర్పు లెక్కగట్టింది. అందులో 3,00,220 మనవైపే ఉంది.

మాట్లాడుకుంటే సరిపోదా? శ్రీలంకతో 1974, 1976 ఒప్పందాలు అలా కుదిరినవే. బంగ్లాదేశ్‌తో కూడా 1974 నుంచి మాట్లాడారు, తేలలేదు. 2009లో ఆ దేశం కేసు వేసింది.

మన ఒప్పుకోలు లేకుండా ఎలా వేసింది? ఒప్పుకోలు ముందే ఇచ్చేశాం. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాన్ని భారత్ 1995లో ఆమోదించింది. అందులో నాలుగు దారులున్నాయి: హాంబర్గ్‌లోని సముద్ర న్యాయస్థానం, హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం, రెండు రకాల మధ్యవర్తిత్వం. ఇరుపక్షాలూ ఒకే దారి ఎంచుకోకపోతే కేసు సాధారణ మధ్యవర్తిత్వానికి, అంటే ఆ తగాదా కోసమే కూర్చోబెట్టిన మండలికి వెళుతుంది. ఇక్కడ అదే జరిగింది. మండలిలో అయిదుగురు. భారత్ నియమించిన పెమ్మరాజు శ్రీనివాసరావు తీర్పుతో కొంతమేర విభేదించారు.

గీత ఎలా గీశారు? ముందు రెండు తీరాలకూ సమదూరంలో. కానీ బంగ్లాదేశ్ తీరం గిన్నెలా లోపలికి ఒంగి ఉంటుంది. పొరుగు దేశాల గీతలు కలుసుకుని దాని ముందు సముద్రాన్ని మూసేస్తాయి. అందుకని గీతను సర్ది, 177 డిగ్రీల 30 నిమిషాల దిశలో, దాదాపు నేరుగా దక్షిణానికి లాగారు. 1970 తుపాను తర్వాత పైకి తేలి, ఆ తర్వాత మునిగిపోయిన న్యూమూర్ దీవి ఉన్న చోటు మనవైపే మిగిలింది. దశాబ్దాల పాటు వార్తల్లో నలిగింది ఆ దీవే!

అసలు చిక్కుముడి వేరే ఉంది. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు, అంటే సుమారు 370 కిలోమీటర్లు, చేపల మీద హక్కు ఆ తీరమున్న దేశానిదే. విశాఖ నుంచి విజయవాడ కంటే కాస్త ఎక్కువ దూరం. అడుగునేల మీద హక్కు ఆ దూరం దాటి కూడా ఉండొచ్చు. సర్దిన గీతకు అవతల, బంగ్లాదేశ్ నుంచి 200 మైళ్లు దాటినా మన తీరానికి 200 లోపే పడే చిన్న ముక్క ఒకటుంది. అక్కడ అడుగునేల బంగ్లాదేశ్‌ది, పైన నీళ్లు మనవి. చమురు బావి వాళ్లు తవ్వాలి, వల మనం వేయాలి.

ఒకరి పని మరొకరికి అడ్డు రాకుండా ఏం చేయాలో మండలి చెప్పలేదు. రెండు దేశాలూ కూర్చుని చూసుకోమంది.