కుర్రవాడి జోరా, పాతవాడి నేర్పా?

పిల్లలూ! షటిల్ ఆటలో చూడముచ్చటైనది కుర్రవాళ్ళ జోరా, పాతవాళ్ళ నేర్పా?

మన అమలాపురం కుర్రవాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో జపానులో జరిగిన ఒక పరీక్షలో షటిల్‌ను గంటకు 565 కిలోమీటర్ల వేగంతో కొట్టి గిన్నిస్ పుస్తకానికెక్కాడు. మన రైళ్ళేవీ అంత వేగంగా పోవు! షటిల్ బరువు సుమారు ఐదు గ్రాములు. దానికి 16 ఈకలు. ఈకలకు గాలి అడ్డు తగులుతుంది గనుక క్షణంలోనే ఆ వేగం తగ్గిపోతుంది. లేకుంటే ఎదుటివాడు దాన్ని తిరిగి కొట్టడం కల్ల.

ఇండొనీషియా ఆటగాడు హెంద్రా సెత్యావన్ అవే ఈకలను మరోలా వాడుకునేవాడు. వల దగ్గర షటిల్‌ను ఊరికే తాకించేవాడు. బెండు వైపు బరువెక్కువ గనుక అది తలకిందులై, వల దాటగానే కిందికి దిగేది. అతన్నీ, అతని జతగాడు అహసాన్‌నూ అందరూ ముద్దుగా 'డాడీలు' అనేవారు. 2019 ఆగస్టులో ప్రపంచ విజేతలైన ఈ డాడీలను అక్టోబరులో పారిస్‌లో సాత్విక్, చిరాగ్ శెట్టి ఓడించారు. అప్పటికి హెంద్రాకు 35 ఏళ్ళు, సాత్విక్‌కు 19.

గెలుపు కుర్రవాళ్ళదే. చూడడానికి మాత్రం నా ఓటు హెంద్రాకే. సాత్విక్ దెబ్బ కంటికి ఆనదు. హెంద్రా ఎత్తు కళ్ళెదుటే కనబడుతూ మోసం చేస్తుంది. (మా మనవలు దీనికి ఒప్పుకోరు.) హెంద్రా 2025 జనవరిలో ఆట మానుకున్నాడు. సాత్విక్‌కూ పాతికేళ్ళు నిండాయి. అతను వల దగ్గర నెమ్మదిగా ఎప్పుడు తాకిస్తాడా అని కనిపెట్టి చూస్తున్నాను.