అదే గుట్ట, మళ్లీ మళ్లీ

భువనగిరి ఏకశిల మీద ఒక ఆదివారం పొద్దు

“అదే గుట్ట గదా బిడ్డా! మళ్లెందుకెక్కుతున్నవ్?”

భువనగిరి కోట మెట్ల దగ్గర సీతాఫలాల గంప ముందేసుకుని కూర్చున్న అవ్వ అడిగింది. పొద్దున ఆరున్నర. బతుకమ్మకు ఇంకా వారం ఉంది. ఏడాదికి రెండు మూడు సార్లయినా వస్తుంటాను కాబట్టి మొహం గుర్తుపట్టింది. ఏం చెప్పాలో తోచలేదు. దిగేటప్పుడు కాయలు కొంటానని నవ్వేసి మెట్లెక్కాను. ఆ ప్రశ్న కూడా నా వెనకే ఎక్కింది.

కొండలెక్కే పిచ్చి ఉన్నవాళ్లు ఇద్దరు కలిస్తే కాసేపటికే ఎత్తుల లెక్కలు మొదలవుతాయి. చెప్పుకోవడానికి నాకూ కొన్ని ఉన్నాయి. శ్రీవారి మెట్టు 2,388 మెట్లూ చెమటోడుస్తూ ఎక్కాను. అహోబిలంలో భవనాశి వాగు రాళ్ల మీద తడబడుతూ నడిచి, ఉగ్రస్తంభం చేరేసరికి కాళ్లు వణికి కూలబడ్డాను. వికారాబాద్ అనంతగిరి అడవిలో వానకు నిలువునా తడిశాను. అన్నీ ఇష్టమే. అయినా ‘నీ కొండ ఏది?’ అని ఎవరైనా అడిగితే నోటికొచ్చే పేరు ఇదే. ఊరి మధ్య నుంచి 500 అడుగులకు పైగా లేచి నిలబడ్డ ఈ బోడ బండ.

దక్షిణం నుంచి చూస్తే తాబేలు, పడమటి నుంచి చూస్తే ఏనుగు అంటారు ఇక్కడివాళ్లు. నాకు మాత్రం ఎటు నుంచి చూసినా గుట్టే. మా వైపు రాతికి చాలా పేర్లున్నాయి. పరుచుకుంటే బండ, గుండ్రంగా కూర్చుంటే గుండు, నీళ్లు పట్టుకుంటే దొన, అన్నీ కలిసి పైకి లేస్తే గుట్ట. భువనగిరి మీద ఇవన్నీ ఒకేచోట దొరుకుతాయి.

పశ్చిమ చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడు 1076లో గద్దెనెక్కాడు. ఆయన బిరుదు త్రిభువనమల్లుడు. దాన్నిబట్టి ఈ గుట్ట త్రిభువనగిరి అయిందనీ, వాడుకలో అరిగి భువనగిరిగా మిగిలిందనీ చెబుతారు. ఇక్కడ కోట కట్టాలనుకున్నవాడికి సగం పని రాయే చేసి పెట్టింది. చుట్టూ జారుడు బండ, ఎక్కే దారులు తక్కువ. రాయి సందిచ్చిన చోట గోడ కడితే చాలు. చాళుక్యుల తర్వాత కాకతీయులు, ఆ తర్వాత కుతుబ్‌షాహీలు దీన్ని ఏలారు. 1708లో సర్వాయి పాపన్న దీని మీద విరుచుకుపడ్డాడు. గోల్కొండ దాకా సొరంగం ఉందనే కథ కూడా ఉంది. నేనెప్పుడూ వెతకలేదు. భూమి మీద దారికే ఊపిరి సరిపోవడం లేదు.

ఊపిరి మాటొచ్చింది కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను. ఇరవై ఏళ్ల వయసులో ఈ గుట్టను ఆగకుండా ఎక్కేవాణ్ని. పైకి చేరి గడియారం చూసుకోవడమే అప్పటి సంబరం. ఇప్పుడు యాభై దాటాక మూడు చోట్ల ఆగుతాను. మోకాళ్లు ఆపుతున్నాయి కాబట్టి ఆగుతున్నాను. కానీ ఈ గుట్టను నేను చూడటం మొదలైంది ఆగడం మొదలయ్యాకే.

మొదటి మజిలీ కోట గోడ నీడ. వానాకాలంలో ఇక్కడ రాతి తొండలు కనిపిస్తాయి. మామూలు రోజుల్లో రాయి రంగులో కలిసిపోయే మగ తొండ జోడు కట్టే కాలంలో ఎర్రగా, నల్లగా రంగు మార్చుకుని, బండ కొసన నిలబడి తలాడిస్తుంది. గోడ సందుల్లో సీతాఫలం మొక్కలు, కింద పచ్చగా విరబూసిన తంగేడు. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు.

రెండో మజిలీకి మెట్లు పలచబడి, ఒట్టి బండ వాలు మొదలవుతుంది. పాదం పట్టేంత గాట్లు, పట్టుకోవడానికి ఇనుప కమ్మీలు. ఇక్కడ కూర్చుని అరచెయ్యి ఆనిస్తే తెల్లవారుజామున కూడా రాయిలో నిన్నటి ఎండ కాస్త మిగిలి ఉంటుంది. దక్కన్‌లోని ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల కరిగిన శిల మెల్లగా చల్లారి గట్టిపడింది. పైనున్న నేలంతా కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయాక, బరువు తగ్గిన రాయి పైకి ఉబ్బి ఉల్లిగడ్డలా పొరలుపొరలుగా విడిపోవడం మొదలుపెట్టింది. ఈ గుట్ట వీపు అంత నున్నగా ఉండటానికి కారణం అదే. కాలి పక్కన బల్ల మందాన లేచిన రాతి పలక ఒకటి ఉంది. నా ముప్ఫై ఏళ్ల రాకపోకల్లో అది వెంట్రుకవాసి కూడా జరగలేదు. దాని పని ఇంకా నడుస్తూనే ఉంది.

మూడో మజిలీలో నా మోకాళ్ల గొప్పలన్నీ అణిగిపోతాయి. ఇక్కడి రాక్ క్లైంబింగ్ స్కూల్ పిల్లలు తాళ్లు కట్టుకుని, నేను కమ్మీ పట్టుకుని వంగి నడిచే బండను నిలువునా పాకుతుంటారు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ, ఖమ్మం వైపు నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్ కుమార్ గురుకుల విద్యార్థులుగా మొదట ఈ రాతి మీదే తాడు పట్టారు. తర్వాత డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ పొంది 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ శిఖరం చేరారు. పూర్ణకు అప్పటికి 13 ఏళ్ల 11 నెలలు. 2022 నాటికి ఆమె ఏడు ఖండాల్లోని ఎత్తయిన శిఖరాలన్నీ ఎక్కేసింది. వేళ్లు ఎక్కడ దూర్చాలో, బరువు ఏ కాలి మీద మోపాలో వాళ్లకు మొదట నేర్పింది మాత్రం నా సీతాఫలాల గుట్టే.

పైకి చేరగానే గాలి మొహాన కొడుతుంది. కమానులతో నిలబడ్డ పాత హవేలీ గోడలు, వాన నీళ్లు నిలిచిన దొనలు, గిరికీలు కొట్టే గద్దలు. కిందికి చూస్తే రైలు పట్టాలు, వరంగల్ రోడ్డు, పెద్ద చెరువు, దగ్గరదగ్గరగా ఇళ్లు. 1944లో ఆంధ్రమహాసభ పదకొండో సమావేశం జరిగింది ఈ ఊళ్లోనే. రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. సభ్యత్వ రుసుము రూపాయి నుంచి నాలుగణాలకు దిగడంతో పేద రైతులు, కూలీలు సంఘంలోకి వచ్చారు. ఊరంతా అగ్గిపెట్టెల్లా కనిపిస్తున్నప్పుడు ఆ సందుల్లో జరిగిన పెద్ద సంగతులు గుర్తుకు రావడం ఓ తమాషా.

పైనుంచి నచ్చనివీ కనిపిస్తాయి. హైదరాబాద్ నుంచి ఇక్కడికి వచ్చే దారి పొడవునా ఒకప్పుడు గుండు మీద గుండు పేర్చినట్టు నిలబడ్డ గుట్టలుండేవి. ఎన్నో కంకరైపోయాయి, ఎన్నో వంటగది అరుగులైపోయాయి. సొసైటీ టు సేవ్ రాక్స్ 1996లో హైదరాబాద్‌లో పుట్టింది ఈ బాధతోనే. చెట్టు కొడితే మళ్లీ నాటుకోవచ్చు. గుట్టను పేలిస్తే ఏ వానా దాన్ని మొలిపించదు. భువనగిరి బతికిందంటే నెత్తిన కోట ఉండబట్టే. కోట లేని గుట్టలకు కాపలా ఎవరు?

ఈ గుట్టకు రోప్‌వే రావాలన్న మాట చాలాకాలంగా నలుగుతోంది. మొదట విన్నప్పుడు చిరాకుపడ్డాను. ఎక్కకుండా చేరితే ఇంకేం కొండ అనుకున్నాను.

వెళ్లాలనుకునేవారికి నాలుగు మాటలు. హైదరాబాద్ నుంచి దాదాపు 50 కిలోమీటర్లు. ఉప్పల్ వైపు నుంచి బస్సులున్నాయి, సికింద్రాబాద్–కాజీపేట మార్గంలో రైళ్లున్నాయి. చలికాలం హాయి. వేసవిలో తొమ్మిది దాటితే బండ పెనమవుతుంది. వాన పడ్డ రోజు మాత్రం ఎక్కొద్దు, పాచి పట్టిన రాయి ఎవర్నీ ఉపేక్షించదు. నీళ్ల సీసా తీసుకెళ్లండి, ఖాళీ సీసా తిరిగి తెచ్చుకోండి. యాదగిరిగుట్ట దగ్గరే కాబట్టి చాలామంది ఆ దర్శనంతో కలిపి పెట్టుకుంటారు. వీలైతే ఓ పూట దీనికే ఇవ్వండి.

దిగేసరికి ఎండ ముదిరింది. అవ్వ గంప సగం ఖాళీ అయింది. కళ్లు విచ్చిన కాయలు ఏరి సంచిలో వేస్తూ, “నువ్వెప్పుడైనా ఎక్కినవా అవ్వా?” అని అడిగాను.

“పెండ్లిగాక ముందు, కట్టెలకు పోతుంటిమి. ఇప్పుడేడెక్కుత? మోకాళ్లు పోయినయ్.” కాసేపాగి, “మీద నుంచి పెద్ద చెరువు కనవడ్తది గద? నిండిందా?” అంది.

రోప్‌వే మీద నా చిరాకు అక్కడితో సగం చల్లారింది. చెరువును చూశాను గానీ నీళ్లెంత ఉన్నాయో పట్టించుకోలేదు. ముప్ఫై ఏళ్లుగా చూస్తున్న చెరువు. గుర్తు తెచ్చుకుని, “సగానికి పైనే ఉంది అవ్వా” అన్నాను.

“సరింగ చూడలే నువ్వు” అంది నా మొహం చూసి. ఒక కాయ కొసరు వేసింది. “మళ్లొస్తవ్ గద. అప్పుడు చూసి చెప్పు.”